సిలిండర్ మీద పడ్డ నింద

మార్కాపురంలో పలక రాయి కనబడని వీధి అరుదు. మెట్లకు అదే, ప్రహరీలకు అదే, దుకాణాల ముందు పరిచేదీ అదే. ఒకప్పుడు బడిపిల్లల చేతుల్లోకి పలకలూ బలపాలూ ఇక్కడినుంచే వెళ్ళేవి. నోటుపుస్తకాలొచ్చాక ఆ గిరాకీ తగ్గి, నేలకూ గోడలకూ వేసే బండల వ్యాపారం మిగిలింది. తవ్విన రాయిలో పనికొచ్చేది కొంతే. తక్కినదంతా ముక్కలూ పొడీ అయి గుట్టలు పడుతుంది. వాటిని ఎత్తి ట్రాలీల్లో పోసే పని చాలాచోట్ల ముందు లోడర్ బిగించుకున్న పాత ట్రాక్టర్లది.

అలాంటి ట్రాక్టర్ ఒకటి ఊరి బయట రేకుల షెడ్డులో ఆగి ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన బండి. ఇంజనుకు ఢోకా లేదు. బకెట్‌తోనే తంటా: నింపి పైకెత్తి నిలిపితే, లీవర్ ముట్టుకోకపోయినా మెల్లగా కిందికి జారుతోంది. తర్లుపాడు వైపునుంచి తోలుకొచ్చిన రైతు విసిగిపోయి ఉన్నాడు.

“రెండు సిలిండర్లకీ సీల్ కిట్లు ఏయించా మేస్త్రీ. కొన్నాళ్ళు పర్లేదనిపించింది. మళ్ళీ అదే కత.”

“పొద్దున్నే ఎట్టుంటది?”

“పొద్దున నిలబడిద్ది. ఎండెక్కినాక జారిపోద్ది.”

“అయితే సిలిండర్ జోలికి ఇప్పుడే పోవద్దన్నా.”

ఈ చివరి మాట విన్నాకే నాకు ఆ షెడ్డులో కూర్చోబుద్ధయింది. లోడర్ బకెట్ దిగితే పిస్టన్ సీలు పోయిందనడం ట్రాక్టరున్న ప్రతి ఊళ్ళోనూ వినబడే తీర్పు. సీల్ కిట్టు దొరకడమూ తేలిక, వేయడమూ తేలిక. బహుశా అందుకే ఆ తీర్పు అంత తొందరగా వస్తుంది.

వెనక లిఫ్ట్ బాగానే లేస్తోందని రైతు గుర్తుచేశాడు. మేస్త్రి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు. మూడు కొక్కేల వెనక లిఫ్ట్ హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంట్ తెచ్చుకున్న పద్ధతికి వారసురాలు. దాని పంపు ట్రాక్టర్ కడుపులోనే ఉంటుంది. ఈ లోడర్‌ను తర్వాత బిగించారు. దాని పంపు ఇంజను ముందు, దాని ఆయిల్ వేరే ట్యాంకులో. ఒకటి బాగుంటే రెండోది బాగున్నట్టు కాదు.

పరీక్ష మొదలైంది. బకెట్ నేలకు ఆనించి, ఇంజను ఆపి, లీవర్‌ను అటూ ఇటూ ఆడించి పైపుల్లో ఒత్తిడి వదిలించారు. ఎత్తిన బకెట్ కింద తల పెట్టడం ఈ షెడ్డులో నిషేధం. లీకు వెతకడానికి పైపు మీద చెయ్యి పెట్టి తడమడమూ నిషేధమే, అట్టముక్క ఆడించాల్సిందే. సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయకపోతే చెయ్యి తీసేసే దాకా పోవచ్చు.

తర్వాత లోడర్ రెండు లిఫ్ట్ సిలిండర్ల పైపిన్నులు కొట్టేసి, బరువు లేకుండా రాడ్లను చివరిదాకా బయటికి పంపారు. ఒక్కో సిలిండర్‌కు రాడ్ వైపు హోస్ విప్పి, హోస్ చివర మూత బిగించి, రెండో వైపునుంచి పూర్తి ఒత్తిడి ఇచ్చారు. పిస్టన్ సీలు పోయి ఉంటే విప్పిన రంధ్రంలోంచి ఆయిల్ ధార కట్టాలి. మొదట లోపల మిగిలిన ఆయిల్ నాలుగు చుక్కలు కారింది. అంతే. రెండోదీ అట్టే.

సిలిండర్ నిర్దోషి అని తేలాక మేస్త్రి నేలమీద సుద్దతో లెక్క వేసి చూపించాడు. సీలు పోయిందనే అనుకుందాం. సిలిండర్ లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు, రాడ్ 35. అంటే పిస్టన్ వైశాల్యం 31 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు, రాడ్‌ది పదికి కాస్త తక్కువ. పిస్టన్ దాటి ఆయిల్ అటువైపు పోయినా, రాడ్ లోపలికి రావాలంటే రాడ్ ఆక్రమించేంత ఆయిల్ ఎక్కడికో పోవాలి. రెండు దారులూ కంట్రోల్ వాల్వ్ గట్టిగా మూసి ఉంచితే పోయే చోటు లేదు. ఒత్తిడి మూడింతలు పెరిగి, అంటే 40 బార్ ఉన్నది 130 దాకా ఎగబాకి, బకెట్ కాస్త కుంగి అక్కడే ఆగుతుంది. బకెట్ నేల దాకా దిగిందీ అంటే ఆయిల్ బయటికి పోతున్నట్టే. పైపుల్లో, జాయింట్లలో తడి లేకపోతే ఆ దారి వాల్వ్‌లోనే.

సీల్ కిట్లు వేశాక కొన్నాళ్ళు ఎందుకు నయమనిపించిందో కూడా ఈ లెక్కే చెబుతుంది. పాత సీళ్ళు కొంచెం వదులై ఉంటే పెరిగిన ఒత్తిడి వాల్వ్‌ను మరింత కారేలా చేసి ఉంటుంది. కొత్తవి పడ్డాక ఒత్తిడి తగ్గి జారుడు నెమ్మదించింది. రోగం మాత్రం అట్టే ఉంది.

పొద్దున నిలబడి మధ్యాహ్నం జారడమూ వాల్వ్‌నే చూపిస్తోంది. ట్యాంకులో పోసింది 68 గ్రేడ్ ఆయిల్. 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 68 సెంటీస్టోకులు. 100 డిగ్రీలకు చేరితే తొమ్మిదికి అటూఇటూగా పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు సందులో ఇరుక్కునే ఆయిల్ వేడెక్కితే నీళ్ళలా జారుకుంటుంది.

వాల్వ్ విప్పి, లోపల అటూ ఇటూ జరిగే కడ్డీని, అంటే స్పూల్‌ను, వెలుగులో తిప్పితే నిలువునా సన్నగీతలు కనిపించాయి. స్పూల్‌కూ దాని గూటికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. తల వెంట్రుక మందం సుమారు 70. అంత సన్నని చోట రబ్బరు సీలు ఉండదు, ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటూ ఆయిల్‌ను ఆపుతాయి. పలక రాయి పొడిలో ఇనుమును గీకగల క్వార్ట్జ్ ఉంటుంది. అది లోపలికెట్లా పోయిందని అడిగితే మేస్త్రి ట్యాంకు వైపు వేలు చూపించాడు. గాలి పీల్చే మూత ఎప్పుడో పోయినట్టుంది, నోటికి గుడ్డ చుట్టి తాడు కట్టారు. బకెట్ లేచినప్పుడల్లా ట్యాంకులో మట్టం తగ్గి, ఆ గుడ్డలోంచి దుమ్ముతో సహా గాలి దిగుతోంది.

రైతు కాసేపు మాట్లాడలేదు. “మూత ఎంతుంటది?” అన్నాడు చివరికి. సీల్ కిట్టు కంటే తక్కువేనని మేస్త్రి నవ్వాడు.

స్పూల్‌ను గుడ్డతో రుద్ది మళ్ళీ పెట్టడం కుదరదు. వాల్వ్ మొత్తం మార్చాలి, విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాలి. ఆలోగా ట్యాంకు కడగాలి, ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. లేకపోతే కొత్త వాల్వ్‌కూ అదే గతి.

ఈలోగా గిద్దలూరు వైపునుంచి ఇంకో లోడర్ వచ్చింది. పంపు కీచుమంటోంది, ఆయిల్ నురగ కడుతోంది, ఎక్కడా చుక్క కారడం లేదు. మేస్త్రి పంపును ముట్టుకోలేదు. ట్యాంకునుంచి పంపుకొచ్చే సక్షన్ పైపు జాయింటుకు చేతినిండా గ్రీజు తీసుకుని పట్టించాడు. ఆ పైపులో ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ కాబట్టి, అక్కడ సందుంటే ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఇంజను వేయమన్నాడు. కీచు తగ్గింది. “క్లిప్పు మార్చండ్రా,” అని కుర్రాళ్ళకు పురమాయించి, మళ్ళీ పాత బండి ట్యాంకు కిందికి డబ్బా జరిపాడు.