కనబడని కావలి

వెలుగును మెచ్చుకొనువారు పెక్కుమంది గలరు. వెలుగు వెనుక నిలిచిన కావలిని తలచుకొనువారు అరుదు. విద్యుచ్ఛక్తిని సాధించిన మహనీయుల చరిత్రలను మన పిల్లలు బడిలో చదువుచున్నారు. ఆ శక్తి మనలను కాల్చకుండ అడ్డుపడు ఎర్తుగొట్టమును గూర్చియు, కేబులు తొడుగును గూర్చియు, సన్నని ఫ్యూజుతీగెను గూర్చియు వ్రాసినవారు తక్కువ. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, కోలారు జిల్లాలోని యొక విద్యుత్ కార్యాలయమున ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పనిచేసిన నేను, నాకు తెలిసిన యీ చిన్న సంగతినే పాఠకులకు విన్నవించుకొనుచున్నాను.

మా సీమకు విద్యుత్తు తొందరగనే వచ్చినది. 1902లో కావేరిపై శివనసముద్రము వద్ద పుట్టిన విద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్లు తీగెలపై నడచి కోలారు బంగారు గనులను చేరెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా నగరముకంటె ముందు గనికే ఆ భాగ్యము కలిగినది. చిత్తూరు వైపునుండి గనిపనికై తరలివచ్చిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. గనిలో చెమ్మ, వేడిమి, రాలిపడు రాళ్లు. అట్టిచోట తీగె తొడుగు చినిగినచో పోవునది దీపము కాదు, ప్రాణము. “తొడుగు చూడనివాడు తీగె తాకరాదు” అని మా తాతగారు చెప్పెడివారు. 2001లో గనులు మూతపడినవి. ఆ మాట మాత్రము మా యింట నిలిచినది.

నేలలో పూడ్చు కేబులునకు ఉల్లిగడ్డవలె పొరమీద పొర యుండును. నడుమ రాగి లేక అల్యూమినియము. దానిచుట్టు విద్యుత్తును బయటికి రానీయని పొర. పూర్వము నూనెలో నానిన కాగితము చుట్టి, చెమ్మ తగులకుండ సీసపు తొడుగు వేసెడివారు. నేడు ప్లాస్టికు జాతి పదార్థము వాడుచున్నారు. దెబ్బ కోర్చుటకు ఉక్కు కవచము, దానిపై మరియొక తొడుగు. సామాన్యమైన లైనైనచో ముప్పావు మీటరు లోతున, ఇసుక పరుపుపై కేబులును పరచి, మరల ఇసుక పోసి, పైన ఇటుకలు పేర్చుదురు. ఎన్నడో యొకనాడు ఎవరో గడ్డపార వేసినప్పుడు మొదట తగులునది ఇటుక. “ఆగుము, క్రింద నేదో యున్నది” అని అది హెచ్చరించును. అంతకంటె చవుకైన కావలివాడు లేడు.

అయితే కావలివానిని నిలిపిన చాలదు. మేలుకొని యున్నాడో లేదో చూచుచుండవలెను. ట్రాన్సుఫార్మరు పీల్చు గాలిలోని చెమ్మను సిలికాజెల్ గుళికలు పట్టుకొనును. నీలముగా నున్నవి గులాబిరంగునకు తిరిగినచో వానిని మార్చవలెను. తొడుగు బలమును మెగ్గరుతో కొలువవలెను. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తుగుంట వేసవిలో ఎండిపోవును. నీరు పోసి, దాని నిరోధమును ఓములలో చూడవలెను. నిరోధము పెరిగినకొలది, ప్రమాదకాలమున విద్యుత్తు నేలలోనికి పోవు దారి ఇరుకగును; ఫ్యూజు కాలవలసిన వేళకు కాలదు.

నా పని తీగె పట్టుట కాదు, రిజిస్టరు వ్రాయుట. ఒక అంకె చూచిన ఏమియు తెలియదు. ఏటేట వ్రాసిన అంకెలను వరుసగా చూచిన రోగము బయటపడును. ఒకమారు తనిఖీ జరుగకయే క్రిందటి యేటి అంకెలనే తిరిగి వ్రాయుమని పై అధికారి యొకరు నాతో అనిరి. కొలువని దానిని వ్రాయజాలనని చెప్పి ఆ గడులను ఖాళీగా నుంచితిని. కొన్నాళ్లు వారికి నాపై కినుక కలిగెను. తరువాత వచ్చిన తనిఖీదారు ఆ ఖాళీలను చూచి కొలతలు తీయించగా, ఒక పాఠశాల ప్రక్కనున్న ట్రాన్సుఫార్మరు ఎర్తు పట్టీని దొంగలు కోసికొనిపోయినట్లు తేలినది. మరునాడే క్రొత్త పట్టీ బిగించిరి. పిల్లలు ఎప్పటివలె ఆడుకొనిరి. ఏమియు జరుగలేదు. మా వృత్తిలో అంతకంటె శుభవార్త లేదు.

మా లైన్‌మన్ తమిళుడు, సహాయకుడు కన్నడిగుడు, నేను తెలుగువాడను. లైను ఆపినట్లు చెప్పిన మాటను ఎదుటివాడు తన నోట మరల పలికినగాని ఎవరును స్తంభ మెక్కెడివారు కారు. మూడు భాషలున్నచోట అర్థమైనదని ఊహించుకొనుట అపాయమని మేము నేర్చికొంటిమి. మాబోటి ప్రవాసాంధ్రులకు ఇది విద్యుత్తులోనే గాక లోకవ్యవహారమునందును పనికివచ్చిన పాఠము.

సోదర సోదరీమణులారా! మనలో చాలమంది తాతలు కట్టిన యిండ్లలో నివసించుచున్నారు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావు తీగె చుట్టకుడు; ఇల్లు కాలకుండుటకై తాను కాలుటయే దాని ధర్మము. ప్లగ్గు మూడవ కాలు విరిచి రెండు రంధ్రములలో దూర్చకుడు. ఆ మూడవదే ఎర్తు. ముప్పది మిల్లీ ఆంపియర్లు నేలకు కారినను సరఫరా నాపు పరికరము నేడు దొరకుచున్నది. దానిని పెట్టించి, దానిమీది పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడుడు. ఉగాదికి ఇంటికి సున్నము వేయించునట్లే, ఏడాదికొకమారు తెలిసిన పనివానిచేత తీగెలను చూపించుడు. చూపించిన తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసి యుంచుడు. మీ తరువాతివారు ఆ తేదీని చూచి, తమ తేదీని దాని క్రింద వ్రాసికొందురు.