వాటం ఈశాన్యం, వాలు దక్షిణం

గుంటూరు అరండల్‌పేటలో అయినా, ఒంగోలు లాయరుపేటలో అయినా మేస్త్రి శ్లాబు మీద వాటం తీసేటప్పుడు ఒక్క దిక్కే చూస్తాడు: ఈశాన్యం. వాన నీళ్ళన్నీ ఆ మూలకు చేరి తూములోంచి దిగిపోవాలి. నైరుతి ఎత్తుగా ఉండాలి కాబట్టి నీళ్ళ ట్యాంకు అక్కడికెక్కుతుంది. ఇన్నేళ్ళుగా ఈ ఏర్పాటుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు సోలార్ వాళ్ళొచ్చి ప్యానెళ్ళను దక్షిణానికి వాల్చి నిలబెడుతున్నారు. 15, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఊళ్ళకు ఆ వాలు తప్పదు. సూర్యుడికి వాస్తు పట్టింపు లేదు. దాంతో ప్యానెళ్ళ మీద పడ్డ వాన చాలా మటుకు దక్షిణపు అంచున జారి, డాబా అంతా అడ్డంగా దాటుకుని ఈశాన్యపు తూము చేరాలి. దారిలో స్టాండు కాళ్ళు. ఒక్కో కాలి దగ్గరా కాసేపు ఆగుతుంది, సందు దొరికితే లోపలికి దిగుతుంది. నైరుతి ట్యాంకు సాయంత్రం పూట ప్యానెళ్ళ మీద నీడ పరచడం వేరే గొడవ.

నీళ్ళెన్నో చూడండి. 3 కిలోవాట్ల సెట్టంటే 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు, అన్నీ కలిపి పదిహేను చదరపు మీటర్ల పైచిలుకు. సెంటీమీటరు వాన పడితే దాదాపు 150 లీటర్లు వాటి అంచుల మీంచి, ఏడాది పొడవునా అవే గీతల మీద, కింద కొట్టిన వాటర్ ప్రూఫింగ్ పూత మీదికి దూకుతాయి.

2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ళు. 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం మీద 78,000 సబ్సిడీ. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఈ దరఖాస్తులన్నీ విజయవాడ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ చూస్తుంది. బిగించిన ఏజెన్సీ అయిదేళ్ళు మెయింటెనెన్స్ చూడాలి. ప్యానెల్‌కు పాతికేళ్ళ వారంటీ ఉంటుంది. ఇన్వర్టరుకో వారంటీ, నెట్ మీటరుకో పరీక్ష. వీటన్నిటి కిందా ఉన్న శ్లాబు ఊసు మాత్రం చాలా కొటేషన్లలో కనపడదు. పని ఒప్పుకునేది కరెంటు మనిషి, డ్రిల్లింగ్ మిషన్ పట్టేది ఫిట్టరు. నీళ్ళ సంగతి తెలిసిన మేస్త్రిని ఎవరూ పిలవరు. గొడవకు మూలం ఇక్కడే ఉంది.

ఒక్క బోల్టు దగ్గర కూర్చుని చూస్తే చాలు. బేస్ ప్లేటుకు నాలుగు రంధ్రాలు, శ్లాబులోకి మూడు నాలుగు అంగుళాల లోతున యాంకర్ బోల్టులు. డ్రిల్లు మొదట కోసేది పైనున్న పూతని, ఆ తర్వాత వాటం కోసం పోసిన సిమెంటు పొరని. ఆ రెండే వానని ఆపేవి. రంధ్రంలో దుమ్ము ఊదకుండా బోల్టు దించి, దాని మీద తట్టెడు కాంక్రీటు పోసి దిమ్మె కడతారు. పాత పూత మీద పోసిన కొత్త సిమెంటు దాన్ని అంటుకోదు. ఎండకు కుంచించుకుని, వెంట్రుకవాసి పగులు చుట్టూ వదులుతుంది. అందులోంచి దిగిన నీరు నేరుగా కింద పడదు. శ్లాబులో వేసిన కరెంటు పైపు దొరికితే దాని వెంట నడిచి, ఎక్కడో హాల్లో ఫ్యాను కొక్కెం దగ్గర బొట్టు కడుతుంది. ఇంటావిడ ఫ్యాను కింద బకెట్ పెట్టి పైకెళ్ళి చూస్తే, అక్కడ ఏ బోల్టూ ఉండదు. ఫ్యాను దగ్గర చెమ్మ కనపడితే ముందు చేయాల్సింది మెయిన్ ఆపడం. లోపల చువ్వ తుప్పు పడితే రెట్టింపుకు పైగా ఉబ్బి, పెచ్చులూడటం ఆ తర్వాతి ఘట్టం.

అయితే బోల్టులు మానేద్దామా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉండుండి 110 దాకా గాలి. కట్టడాలకు గాలి లెక్క చెప్పే ఐఎస్ 875 ప్రమాణం విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం తీసుకోమంటుంది. ఆ గాలి స్థూలంగా చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. 28 కిలోల ప్యానెల్‌ని పైకి లేపడానికి దాదాపు 400 కిలోల బలం పనిచేస్తుందన్నమాట. ఈ మైదానంలో తుపానూ ముసురూ తరచు ఒకే పక్షంలో వస్తాయి. గాలికి గట్టిగా బిగించాలి, వానకి అసలు చిల్లే పెట్టకూడదు.

దీనికి తోడు మన డాబా ఖాళీగా ఉండదు. మిరపపళ్ళు, వడియాలు, మాగాయ ముక్కలు, దుప్పట్లు అన్నీ అక్కడే ఎండాలి. అందుకని జనం ఏడెనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతారు. ఎత్తు పెరిగితే గాలి కాళ్ళను ఊపే బలం పెరుగుతుంది, ఆ ఊపుకి దిమ్మె చుట్టూ పగులూ పెరుగుతుంది. ప్యానెళ్ళ కింద కుర్చీ వేసుకుని వాన చూడొచ్చనుకున్నవాళ్ళకి సందుల్లోంచి నీళ్ళు నెత్తిన పడతాయి.

ఇల్లు ఉరిసిన ప్రతిసారీ తప్పు సోలార్ వాళ్ళదే అనడమూ న్యాయం కాదు. ఈ జిల్లాల్లో చాలా చోట్ల ఉన్నది పత్తి పండే నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఈ నేలలో పునాది కదిలి, గోడకూ శ్లాబుకూ మధ్య పగులు ఎప్పుడో వచ్చి ఉండొచ్చు. కరెంటు బిల్లు మండిపోయే ఏప్రిల్, మే నెలల్లో ప్యానెళ్ళు ఎక్కుతాయి. సబ్సిడీ ఖాతాలో పడుతుంది, ఏజెన్సీకి ఇవ్వాల్సింది ఇచ్చేస్తారు. సెప్టెంబరు, అక్టోబరు ముసురు పట్టేసరికి పగులు ఎవరిదన్న పంచాయితీకి సాక్ష్యం మిగలదు. దీనికి మందు మేస్త్రులకు తెలిసిందే. శ్లాబు పోసినప్పుడు మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టినట్టే, బిగించే ముందు డాబా మీద రెండు రోజులు నీళ్ళు నిలిపి కింద నుంచి చూడటం. బిగించాక దిమ్మెల చుట్టూ మళ్ళీ నిలపడం. రెండుసార్లూ సీలింగు ఫొటో తీసి పెట్టుకుంటే చాలు.

అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో చెప్పే ఉపాయాలు ఇక్కడ అన్నీ పనికిరావు. అక్కడి వాలు కప్పులకు ప్యానెల్ కాలు కిందనున్న చెక్క దూలంలోకి దిగుతుంది, పైన పెంకు కిందికి లోహపు రేకు దూరుస్తారు, నీరు దాని మీంచి జారిపోతుంది. చదును డాబా మీద నీరు జారదు, నిలుస్తుంది. మన రేకుల షెడ్లకు మాత్రం ఆ తర్కం కొంత కుదురుతుంది: బోల్టు రేకు గుబ్బ మీదే పడాలి, నీళ్ళు పారే పల్లంలో పడితే రబ్బరు వాషరు ఎండకు బిగుసుకోగానే కారుతుంది.

వాన లేని మార్చిలో చెమ్మ కనపడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల చుట్టుపక్కలా, చీమకుర్తి గ్రానైటు దారుల్లోనూ దుమ్ము కడగక తప్పదు. గొట్టం పెట్టి కడిగిన ఆ నీళ్ళూ ఈశాన్యానికే పోవాలి కదా.

ఇంత చెప్పినా, ప్యానెళ్ళ కింద గదిలో పడుకున్నవాళ్ళు రోహిణి కార్తెలో వాటిని తిట్టరు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో కొలిచి, కప్పుకు చేరే వేడి 38 శాతం దాకా తగ్గిందన్నారు.

కాళ్ళు దించడానికి అన్నిటికన్నా మంచి చోటు మాత్రం చాలా డాబాల మీద ముందే ఉంది. పై అంతస్తు ఎప్పటికైనా వేద్దామని పిల్లర్ల మీద వదిలేసి తుప్పు పట్టిస్తున్న చువ్వలు! వాటిని శుభ్రం చేసి, పిల్లరునే ఇంకాస్త పైకి లేపి దాని తల మీద స్ట్రక్చర్ బిగిస్తే, శ్లాబుకు ఒక్క చిల్లు పడదు, గాలి లాగినా బలం నేరుగా పునాదికి పోతుంది. చువ్వలు పొట్టి దిమ్మెలో పూడిపోతే మటుకు రేపు కొడుకు అంతస్తు వేస్తానన్నప్పుడు పగలగొట్టాలి. అందుకే కొందరు నిండు ఎత్తు పిల్లరే లేపుతున్నారు. ఆ ఖర్చు 78,000 సబ్సిడీలోకి రాదు, ఇంటాయన జేబులోంచే.