మూలప్రతి – మెరుగుప్రతి

పాతదానిని కొత్తగా చేసుకోవాలనే కోరిక మానవసహజమైనది. పండుగకు గోడలకు సున్నం వేస్తాము. ఇత్తడి బిందెను చింతపండుతో తోముతాము. చినిగిన గ్రంథానికి కొత్త అట్ట కట్టిస్తాము. అయితే పాత పాటకు మెరుగు పెట్టినప్పుడు పోయేది మురికి ఒక్కటేనా, దానితోపాటు మరేదైనా పోతున్నదా అనే ప్రశ్న కొంతకాలంగా మమ్మల్ని వేధిస్తున్నది. దీనికి కారణం మా ఇంటిలోని ఒక క్యాసెట్టు. ఆ ముచ్చటకు ముందు, మన పాఠకులందరూ ఎరిగిన ఒక చిత్రాన్ని గురించి చెప్పవలసి ఉన్నది.

విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైనది. దర్శకులు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. నాలుగు పాటలకు సాలూరు రాజేశ్వరరావు వరుసలు కట్టగా, తక్కిన సంగీతభారమంతా ఘంటసాల వహించినారు. మార్కస్ బార్‌ట్లీ తన కెమెరాతో నలుపు తెలుపులలోనే వెన్నెల కురిపించినారు. ఆ చిత్రానికి రంగులద్ది 2010 జనవరి 30న తిరిగి విడుదల చేసినారు. ఒకే మార్గాన వినిపించే పాత మోనో ధ్వనిని, హాలులో నలుదిక్కుల నుండి వినవచ్చే డి.టి.ఎస్. పద్ధతికి మార్చినారు. బొమ్మను సినిమాస్కోపుకు తగినట్లు వెడల్పు చేసినారు. మూలంలోని కొన్ని పద్యాలు మాత్రం కొత్త ప్రతిలో చోటు చేసుకోలేదు.

అప్పుడు మేము కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాము. మానుకోటలో దర్జీ పని చేసే మా అబ్బాజాన్‌ను వెంటబెట్టుకొని హైదరాబాదు వెళ్ళి ఆ చిత్రం చూసినాము. ఉర్దూ మాధ్యమంలో నాలుగు తరగతులు చదివిన ఆయనకు తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదవడమే వచ్చును. కాని మాయాబజార్ పద్యాలు మాత్రం కంఠతా వచ్చును. ఘటోత్కచుని విందు పాట రాగానే పక్కన కూర్చున్న చిన్నపిల్లలు కేరింతలు కొట్టినారు. అబ్బాజాన్ వారిని చూసి మురిసిపోయినారు. మాటలు స్పష్టంగా వినబడినవి. ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండిన వాద్యాలు విడివిడిగా తెలిసినవి. అరిగిపోయిన ప్రతులతో గరగరలాడే పాత చిత్రమైతే ఆ పిల్లలు అంతసేపు కూర్చునేవారా? కూర్చునేవారు కారు.

బయటికి వచ్చిన తరువాత ఎట్లా ఉన్నదని అడిగినాము. ఆయన కొంతసేపు ఆలోచించి, “రంగులు మంచిగున్నయ్ బేటా. గని ఆ వెన్నెల ఏడ పోయింది?” అన్నారు.

ఎం.ఏ. చదువుతున్నామనే గర్వంతో ఆనాడు ఆ మాటను నవ్వి వదిలివేసినాము. పడవ మీది ‘లాహిరి’ పాటలో వెలుగునీడలు తప్ప మరేమీ లేనప్పుడు, చూసేవారి మనస్సే వెన్నెలకు రంగు వేసుకొనేదని తరువాత తెలిసినది.

ఉర్దూ విద్యార్థులకు ఇటువంటి ఉదాహరణమే ‘ముఘల్-ఎ-ఆజమ్’. 1960లో వచ్చిన ఆ చిత్రంలో కొద్దిభాగమే రంగుల్లో ఉండినది. 2004 నవంబరులో పూర్తి రంగులతో మళ్ళీ వచ్చినది. అందుకోసం గాయకుల పాత గాత్రాలను అట్లే ఉంచి, వాద్యసంగీతాన్ని కొత్తగా వాయించి రికార్డు చేసినారు. ఆ పనిలో వృద్ధుడైన నౌషాద్ సాహెబు స్వయంగా పాల్గొన్నారు. కర్తయే కూర్చుని దిద్దుకున్న ప్రతికి ఒక గౌరవం ఉన్నది. అయినా 1960 నాటి వాద్యగాండ్ర చేతివాటం వినగోరినవాడు పాత ప్రతినే వెతుక్కోవలసి ఉంటుంది.

ఇక మా క్యాసెట్టు సంగతి. మేము పుట్టకముందు, 1986 ప్రాంతంలో, అబ్బాజాన్ ఒక స్నేహితుని టేపు రికార్డరు అరువు తెచ్చి, తన దుకాణంలోని రేడియో ముందు పెట్టి మాయాబజార్ పాటలు కొన్ని పట్టుకున్నారు. ఆ క్యాసెట్టులో పాటలతోపాటు సమస్తమూ ఉన్నది. టేపు బుసబుస ఉన్నది. రైలు కూత ఉన్నది. బేరమాడే మనిషి గొంతు ఉన్నది. అన్నిటికంటె ముందు, కుట్టుమిషను చప్పుడు ఉన్నది.

అబ్బాజాన్ 2019లో కాలధర్మం చెందినారు. తరువాత ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించవలసిందని మా పూర్వవిద్యార్థి ఒకరిని కోరినాము. “చప్పుళ్ళన్నీ తీసివేసి శుభ్రంగా చేసి ఇవ్వు నాయనా” అని చెప్పినది మేమే. ఆ పిల్లవాడు శ్రద్ధగా చేసినాడు. పాట లేనిచోట వినబడే చప్పుడును నమూనాగా తీసుకొని, దానిని మొత్తం ధ్వనిలో నుండి తగ్గించే పద్ధతి ఉన్నదట. బుసబుస పోయినది, రైలు పోయినది, మిషను పోయినది. ఘంటసాల, లీల గొంతులు మిగిలినవి. అవి కూడా కొంచెం పలుచబడినవి. టేపు బుసబుస ఉండే పైస్థాయిలోనే ‘స’కార, ‘శ’కారాల ఊపిరి, వయొలిన్ల మెరుపు ఉంటాయి కదా! ఒకదానిని కోస్తే రెండవది తెగక తప్పదు.

ఇంటికి తెచ్చి అమ్మీకి వినిపించినాము. ఆమె చివరిదాకా విని, “పాట బాగున్నది. మీ అబ్బా ఏరీ?” అన్నది.

అప్పుడు గాని మాకు తెలివి రాలేదు. పాత క్యాసెట్టులో ‘లాహిరి’ మొదలు కాగానే మిషను ఆగిపోతుంది. పాట ముగిసిన తరువాత మళ్ళీ నడుస్తుంది. ఆ మూడు నాలుగు నిమిషాలు ఒక దర్జీ పెడలు మీద కాలు నిలిపి, పని మానుకొని పాట విన్నాడు. ఆ క్యాసెట్టులో మా అబ్బాజాన్ మాట ఒక్కటీ లేదు. ఆయన ఉన్నది ఆ ఆగిపోవడంలోనే. చప్పుడు మొత్తం తీసివేసినాక, అది ఆగిన సంగతి ఎవరికి తెలుస్తుంది?

వెంటనే వెళ్ళి, ఏమీ దిద్దకుండా మరొకసారి ఎక్కించమని అడిగినాము. కాని పాత టేపు రెండవసారి తిరిగేటప్పుడు రోలరుకు చుట్టుకొని కొంతమేర నలిగిపోయినది. మిషను ఆగినచోటు దక్కినది. మళ్ళీ మొదలైనచోటు దక్కలేదు.

తరగతిలో పాఠాంతరాలను గురించి ఎన్నిమార్లు బోధించినామో! తాళపత్రప్రతులను పోల్చి పాఠం నిర్ణయించాలనీ, పరిష్కర్త తనకు నచ్చని పాఠాన్ని కూడా అడుగున చూపాలనీ విద్యార్థులకు చెప్పినవారమే. గాలిబ్ తన దివానులో నుండి తానే తొలగించుకున్న ఎన్నో షేర్లు, 1821 నాటి వ్రాతప్రతి ఆధారంగా 1921లో అచ్చయిన ‘నుస్ఖా-ఎ-హమీదియా’ వలన లోకానికి తెలిసినవి. ఎవరో ఆ పాత ప్రతిని దాచినందువలననే గదా! పుస్తకం విషయంలో ఎరిగిన నీతిని క్యాసెట్టు విషయంలో మరచినాము.

ఇంగ్లాండులోని బీటిల్స్ బృందం పాటలకు 2009 సెప్టెంబరు 9న మెరుగుప్రతులు వెలువడినప్పుడు, స్టీరియో సంపుటంతోపాటు మోనో సంపుటాన్ని కూడా విడిగా ఇచ్చినారు. ఆ బృందం తొలినాళ్ళలో మనస్సు పెట్టి చేయించినది మోనో ప్రతులనే. వినేవాడు రెండూ విని తేల్చుకోవచ్చును. మెరుగు పెట్టడం నేరం కాదు. మెరుగు పెట్టి మూలాన్ని పారవేయడమే నేరం.

కనుక విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మీ ఇండ్లలో పెద్దల ఖవ్వాలీలు, పెండ్లిపాటలు, నాటకపద్యాలు ఉన్న క్యాసెట్లు ఉండే ఉంటాయి. వాటిని ముందుగా ఏ దిద్దుబాటూ లేకుండా, చప్పుళ్ళతో సహా, ఉన్నవి ఉన్నట్లు ఎక్కించండి. ఆ తరువాత ఎంతైనా మెరుగు పెట్టుకోండి. కళాశాల కార్యవర్గం వారు గ్రంథాలయంలో ఇటువంటి వాటికొక బీరువా, ఒక మంచి టేపు రికార్డరు సమకూర్చగలిగితే మొదటి క్యాసెట్టు మేమే ఇస్తాము. అది నలిగినదే, గరగరలాడేదే. కాని జాగ్రత్తగా వింటే, ఒకచోట కుట్టుమిషను ఆగడం వినబడుతుంది.