కుక్కబొమ్మ ఉంటే సరా ఏటండీ!

ఆ బట్టలు తరవాత ఆరేద్దురుగాని, ఎండ ఎక్కడికీ పోదు. మా ఎదురింటాయన సంగతి విన్నారా? స్టీలుప్లాంటులో రిటైరయి ఇక్కడ సబ్బవరంలో ఇల్లు కట్టుకున్నారే, ఆయనే. అందరూ రిటైరయితే మొక్కలు పెంచుతారు, లేకపోతే కోడళ్ళకి సలహాలు చెబుతారు. ఈయన పాత గ్రామఫోన్లు పోగేస్తున్నారు. వాళ్ళావిడ, మా వదినగారి టిఫిను కేరియరు గిన్నెలన్నిటి నిండా మరలూ, స్క్రూలూనట. నాతో చెప్పి నవ్వుతుంది పాపం, ఏడవలేక.

మొన్న వాళ్ళ చుట్టం ఒకాయన పేద్ద ఇత్తడి బాకా ఉన్న పెట్టె కొని తెచ్చి చూపించాడు. తళతళలాడిపోతోంది. మీద హెచ్.ఎం.వి. వాళ్ళ కుక్కబొమ్మ కూడానూ. నేనైతే నోరు తెరిచేశాను. ఈయన గుమ్మంలోంచే చూసి "కొత్తది" అనేశారు. ఆ చుట్టం మొహం చూడాలి మీరు!

ఆ తళతళే పట్టించేసిందట. ఇలాంటివి మన దేశంలోనే తయారుచేసి, పాతవని చెప్పి దేశదేశాలకీ అమ్మేస్తున్నారట. కొత్త చెక్క, కొత్త ఇత్తడి. లోపల మోటారొకటీ ఏ పాత పోర్టబుల్‌లోంచో ఊడదీసి పెడతారు. అందుకే తిరుగుతుంది, పాడుతుంది కూడా. అసలు పైకి కనబడే బాకాల జోరు 1920లలోనే తగ్గిపోయింది, బాకాని పెట్టె కడుపులోనే దాచేశారు.

ఇంక ఆ కుక్క సంగతి. దాని పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరోడ్ అనే ఆయన బొమ్మ వేసినప్పుడు అది వింటున్నది వేరే యంత్రం, ఎడిసన్ గారి ఫోనోగ్రాఫు. గ్రామఫోను కంపెనీవాళ్ళు 1899లో, మా పెట్టె వేస్తే కొంటామన్నారు. ఆయన పాతదాని మీద రంగు పులిమి కొత్తది వేసిచ్చాడు. చూశారా, ఆ బొమ్మలోనే ఒక పెట్టె బదులు ఇంకో పెట్టె! అలాంటి కుక్కని నమ్మి డబ్బులిస్తారా ఎవరైనా?

ఏం చెబుతున్నాను? ఆఁ, మా ఎదురింటాయన వెతికేది నల్లటి పోర్టబుల్ పెట్టె. హెచ్.ఎం.వి. 102, 1931లో వచ్చింది. దాని ముందు కూర్చుంటే ఆయనకి అన్నం కూడా గుర్తుండదు. మొదట సూది తగిలించే సౌండ్ బాక్సు తిప్పి చూస్తారు. 102 అయితే 5ఏ, 5బి, లేదా 16 ఉండాలిట. 4 ఉంటే పెదవి విరిచేస్తారు, అది పాత మోడలుది తెచ్చి తగిలించిందని. 4లో అదిరే రేకు అభ్రకం, మన గూడూరు గనుల్లో తవ్వే జాతి. 5ఏలో అల్యూమినియం. చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడిపోతే పాట జర్రుమంటుంది. వెనక బిళ్ళ చౌకలోహం, ఏళ్ళు గడిచేసరికి ఉబ్బి బీటలు తీస్తుంది. బీట ఉంటే ఈయనకి సంతోషం చూడండి, అసలుదేనని! సంబంధానికి వచ్చిన పిల్లలో లోపం చూసి మురిసిపోయే మేనత్తలా ఉంటారు ఆ టైములో.

సూదుల దగ్గర మాత్రం పిసినారితనం కూడదంటారు. ప్లేటు ఒక వైపు పాడితే సూది మార్చెయ్యాలి. ఆ ప్లేటేమో లక్కతో చేసింది, మన ఏటికొప్పాక బొమ్మలకి పూసే లక్కే. అందులో రాతిపొడి కలుపుతారు, అది సూదిని అరగదీస్తుంది. అరిగిన సూదితో మళ్ళీ పెడితే అది ప్లేటుని గీకేస్తుంది. మన పెద్దవాళ్ళేమో ఒక సూదితో పెళ్ళంతా లాగించేసేవారు, ఆ తరవాత ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు వినబోతే చింతపిక్కలు వేపే చప్పుడొస్తుంది మరి! ఇన్నేళ్ళు ఉక్కు మధ్య బతికిన మనిషి, ఇప్పుడు ఇంత ఉక్కు సూదికి సముద్రపుగాలి తుప్పు పట్టిస్తుందేమోనని డబ్బాలో బియ్యం పోసి దాచుకుంటున్నారు. నవ్వకండి, వింటారు.

బొబ్బిలి జమీందార్ల కుటుంబంలోని వి.ఏ.కె. రంగారావు గారు వేలకొద్దీ ప్లేట్లు పోగేశారని ఈయనకో దిలాసా. ఆయనకైతే చెన్నైలో పెద్ద ఇల్లు, నీకేమో రెండు గదులు అంటుంది వదినగారు. అక్కడితో ఆ చర్చ ఆగిపోతుంది.

మీ అత్తగారి ఊళ్ళో అటక మీద అలాంటి పెట్టె ఉందని ఆమధ్య అన్నారు కదూ? తీయిస్తే బ్రాసో పెట్టి తోమేరు, ఖరీదంతా ఆ మరకల్లోనే ఉంటుంది. కీ కూడా గట్టిగా తిప్పకండి. లోపలి స్ప్రింగుకి పూసిన గ్రీజు బిగుసుకుపోయుంటుంది, పాట మధ్యలో దబదబమని కొట్టుకుంటుంది. స్ప్రింగు డబ్బా మాత్రం విప్పొద్దు బాబూ, విసిరిందంటే చేతులు తెగుతాయి. తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. అదిగో, ఆయనకిద్దామనేగా చూస్తున్నారు? ముందు వదినగారి చెవిన వెయ్యండి. టిఫిను కేరియరు ఖాళీ చేసి ఇచ్చాకే పెట్టె ఉందని ఆయనకి చెప్పొచ్చు.