టబ్బుకి ఎన్ని బెజ్జాలు?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా మేనల్లుడి గరాజ్‌కి వెళ్లేసరికి అతను తలుపు పూర్తిగా పైకెత్తేసి, గాలి బయటికి పోయేలా ఫ్యాను తిప్పి పెట్టాడు. కారు ఉండాల్సిన చోట బల్ల, దానిమీద కొత్త ప్లాస్టిక్ టబ్బు, స్కేలు, మార్కరు, సాల్డరింగ్ ఐరన్.

"పాము మేడమీద గదిలో ఉంది మావయ్యా. ఈ పొగ దానికి తగలకూడదు" అన్నాడు.

అతను పెంచేది బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకి చెందిన చిన్న జాతి కొండచిలువ, విషం లేనిది. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అందుకే వచ్చింది. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో ఇది పగలంతా ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పడుకుంటుంది. ఇరుకు, చీకటి, చెమ్మ ఉంటేనే దానికి నిశ్చింత. మూత బిగిసే టబ్బు ఆ మూడూ ఇస్తుంది. ఇవ్వనిది గాలి ఒక్కటే.

టబ్బుకి ఎదురెదురు గోడల మీద, పై అంచుకి కాస్త దిగువన, వేలెడు దూరానికొక చుక్క పెట్టాడు. ఒక పక్కనుంచి వచ్చిన గాలి రెండో పక్కకి పోవాలి. తర్వాత ఐరన్ మొనని లోపలి నుంచి బయటికి గుచ్చాడు. కరిగిన ప్లాస్టిక్ గుచ్చినవైపు కంటే, మొన పైకి తేలినవైపు ఎక్కువగా గట్టు కడుతుంది. ఆ గట్టు లోపల ఉంటే రాత్రిళ్లు దారి వెతుక్కుంటూ పాము మూతి రాసుకుని పుండు చేసుకుంటుంది. డ్రిల్లు వాడేవాళ్లయితే వెనక చెక్కముక్క ఆనించి నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే పెళుసు ప్లాస్టిక్ చీలిపోతుంది. ఒక్కో బెజ్జం చల్లారాక లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. ఒకచోట గరుకు తగిలింది. గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వేలు పెట్టి చూసుకున్నాడు.

పిల్లపాములైతే బెజ్జం వాటి తలకంటే బాగా చిన్నది ఉండాలి. తల పట్టిన చోట ఒళ్లు కూడా పట్టొచ్చు.

అసలు చిక్కు బెజ్జాల లెక్కలో ఉంది. ఈ జాతికి గాలిలో తేమ 60 శాతం చుట్టూ ఉండాలి. మొదటి ఏడాది అతను ధారాళంగా బెజ్జాలు పెట్టేశాడు. చలికాలం ఇంట్లో హీటరు నడిచి తేమంతా లాగేసింది. కుబుసం ఒక్క తొడుగులా ఊడాల్సింది ముక్కలు ముక్కలుగా వచ్చింది, కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. దాన్ని గిల్లి లాగితే కన్నే దెబ్బతింటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని గొంతు తగ్గింది.

బెజ్జాలు చాలకపోతే ఇంకా ప్రమాదం. గోడల మీద నీటిబొట్లు నిలుస్తాయి, పొట్ట కింది పొలుసులు కుళ్లుతాయి, ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. పాముకి మనలా డయాఫ్రమ్ ఉండదు, గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు.

అందుకే ఈసారి పక్కకి ఆరే పెట్టాడు. కొబ్బరిపొట్టు తడిపి పరిచి, తేమ చూపే మీటరు లోపల ఉంచి, ఖాళీ టబ్బుని రాత్రంతా వదిలేశాడు. పొద్దున మూత లోపలివైపు మసకగా చెమ్మ పట్టి ఉంది. ఇంకో రెండేసి పెట్టాడు.

టబ్బు పొడవు సంగతీ అడిగాను. పాము ఒళ్లు చాచుకోవడానికి చోటు లేకపోతే ఎన్ని బెజ్జాలు పెట్టినా అది పెంపకం కాదు. అతను కొన్నది నాలుగడుగులది.

ఇదంతా చూసి మన దగ్గర ఎవరూ పాముని తెచ్చి టబ్బులో పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన నేల పాముల్ని పట్టడం, పెంచడం నేరం. 2022 సవరణ తర్వాత బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల్ని పెంచాలన్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంట్లోకి పాము వస్తే డబ్బా బోర్లించి మూసేయకండి, దూరంగా నిలబడి అది ఎటు పోతోందో గమనిస్తూ అటవీశాఖకి ఫోన్ చేయండి.