లాగొద్దు, నొక్కు: సామర్లకోట షెడ్డులో ఒక మధ్యాహ్నం

సామర్లకోటలో రైలు దిగేవాళ్ళలో చాలామంది సామర్లకోట కోసం వచ్చినవాళ్ళు కాదు. హౌరా-చెన్నై మెయిన్ లైన్ నుంచి కాకినాడ లైను చీలేది ఇక్కడే. అందుకని ప్లాట్‌ఫామ్ మారి, టీ తాగి, ఊరు చూడకుండానే వెళ్ళిపోతారు. కాస్త తీరిక ఉన్నవాళ్ళు కుమారారామం వెళ్తారు. పంచారామాల్లో ఒకటి. లింగం సుమారు 14 అడుగుల ఎత్తు. కింద దండం పెట్టుకుని, మెట్లెక్కి పై అంతస్తులో అభిషేకం చూడాలి. వెళ్తే తప్పకుండా చూడండి. నేను మాత్రం ఈసారి పెద్దాపురం రోడ్డు వైపున్న బాడీ షెడ్ల గురించి చెప్తాను. ఈ ఊళ్ళో నేను ఎక్కువసేపు గడిపింది అక్కడే.

ఇంగ్లండులో కిట్ కార్లని ఉంటాయి. కారు విడిభాగాలుగా పెట్టెల్లో ఇంటికొస్తుంది, మనమే బిగించుకోవాలి. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అలా అమ్మిందే. విడిగా కొంటే పన్ను తగ్గేది మరి! మన దగ్గర అలా కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అలాగని బాడీ వేరు, ఛాసిస్ వేరు అన్న సంగతి మనకి కొత్తేం కాదు. 1940ల చివర్లో విల్లీస్ జీపులు విడిభాగాలుగా వచ్చి బొంబాయిలోనే బిగించుకున్నాయి. లారీ అయితే ఎన్నో ఏళ్ళు ఛాసిస్‌గా వచ్చి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బాడీ కట్టించుకుని రోడ్డెక్కింది. ట్రాక్టరు వెనక ట్రక్కు సంగతి సరేసరి, చాలావరకు ఊరి షెడ్డులో పుట్టేదే.

చేత్తో కట్టిన బాడీకి ఉండే తలనొప్పి ఇంగ్లండులోనైనా సామర్లకోటలోనైనా ఒకటే. తలుపులు, బానెట్లు, వాటి లాకులు.

డిసెంబరు. సార్వా కోతలు అయిపోవస్తున్నాయి. నన్ను స్టేషన్లో ఎక్కించుకున్న మా ఫ్రెండుది పాత జీపు. రేకులు తుప్పు పట్టిపోతే, అదే ఆకారంలో కొత్త రేకు కొట్టించి రంగేయించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. రేడియేటర్లో నీళ్ళు చూద్దామంటే బానెట్ రాదు. లోపలి పిడి లాగాడు. ఇంకోసారి, ఈసారి కాలు డ్యాష్‌బోర్డుకి తన్నిపెట్టి మరీ లాగాడు. టప్‌మని శబ్దం. పిడి చేతికొచ్చింది, బానెట్ కదల్లేదు. టెంపరేచర్ ముల్లు మాత్రం పైకెళ్తోంది.

షెడ్డు దాకా రెండుసార్లు ఆపి, చల్లార్చుకుంటూ వెళ్ళాం. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. పిడి పట్టుకుని నిలబడ్డ మావాణ్ణి చూసి, ‘‘లాగేశారా బాబూ?’’ అన్నారు.

‘‘ఆయ్, కొంచెం గట్టిగా లాగానండి.’’

‘‘లాగితే రాదండి. నొక్కాలి.’’

ఈ ఒక్క మాట కోసమైనా ఆ షెడ్డుకి వెళ్ళాల్సిందే. బానెట్ లాక్ అంటే లోపల స్ప్రింగు ఉన్న కొక్కెం. బానెట్‌కున్న పిన్నుని పట్టుకుని ఉంటుంది. కేబుల్ లాగితే కొక్కెం పక్కకి తప్పుకోవాలి. రేకు కాస్త వంకర పోయినా, మూల రబ్బర్లు అరిగినా, ఛాసిస్ మెలి తిరిగినా పిన్ను వెళ్ళి కొక్కేనికి ఒరుసుకుంటుంది. ఆ ఒత్తిడి మీద ఎంత లాగినా తెగేది కేబులే. అందుకే ఒకరు లాక్‌కి సరిగ్గా పైన అరచేతులు పెట్టి బానెట్‌ని కిందికి నొక్కాలి. అదే టైంలో ఇంకొకరు పిడి మెల్లగా లాగాలి. ఒత్తిడి పోతే కొక్కెం దానంతటదే వదిలేస్తుంది. కారు బానెట్‌కైనా డిక్కీకైనా ఇదే మొదటి మందు.

మాకు ఆ దశ దాటిపోయింది. కేబుల్ తెగాక రెండు దారులు. పిడి దగ్గర తీగ మొన కనపడితే కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగొచ్చు. మాది లోపలెక్కడో తెగింది. కాబట్టి జీపు ముందున్న జాలీ సందుల్లోంచి వెళ్ళాలి. ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగమన్నారు. వేడి మీద చెయ్యి పెడితే ఫ్యానో ఆవిరో చూసుకుంటుందట. అరగంట తర్వాత కుర్రాడు ఫోన్ టార్చ్ పట్టాడు. మేస్త్రి గారు చివర వంచిన సన్నటి ఊచ దూర్చారు. ఆయన కొక్కెం వైపు చూడనుకూడా లేదు, చేత్తోనే వెతికారు. నన్నూ మావాణ్ణీ బానెట్ నొక్కి పట్టుకోమన్నారు. టక్!

లోపల లాక్ చూస్తే జాలేసింది. గ్రీజు నల్లగా, గట్టిగా, వేలితో రుద్దితే గరగరలాడుతోంది. ఈ చుట్టుపక్కల రైస్ మిల్లులు ఎక్కువ. బాయిలర్లకి ఊక తగలేస్తారు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే దాదాపు ఇసుకే. గాల్లో వచ్చి గ్రీజుకి అంటుకుంటే అది సాన పట్టే ముద్ద అవుతుంది. దానికి తోడు సముద్రం దూరమేం కాదు, కాకినాడ వైపు నుంచి ఉప్పుగాలి. ఇన్ని చాలవన్నట్టు, రంగు వేసినవాళ్ళెవరో లాక్ విప్పకుండా, కనీసం టేపైనా చుట్టకుండా పైనుంచి స్ప్రే కొట్టేశారు. కొక్కెం ఇరుసు రంగుతో అతుక్కుపోయింది. కొత్తగా రంగేయించిన బండికే లాక్ ఎక్కువగా పడుతుందని ఆయన అంటే మొదట నమ్మలేదు. చూశాక నమ్మాను.

లాక్ విప్పి కిరసనాయిల్లో నానబెట్టారు, వైర్ బ్రష్‌తో తోమారు. ఆరాక పల్చటి ఆయిల్ రెండు చుక్కలు, అంతే. దుమ్ము ఊళ్ళో చిక్కటి గ్రీజు పూస్తే దుమ్ముకి ఇల్లు కట్టినట్టేనని ఆయన లెక్క. కొత్త కేబుల్‌కి పై చివర ప్లాస్టిక్ కవరు గరాటులా కట్టి, ఆయిల్ పోసి, కింది చివర చుక్క కనపడేదాకా వేలాడదీశారు. పాత బైకు మెకానిక్కుల పని ఇది, మీలో కొందరు చూసే ఉంటారు.

నాకు బాగా నచ్చింది సుద్దముక్క పరీక్ష. పిన్ను మొనకి సుద్ద రాసి, బానెట్ నెమ్మదిగా దించి ఎత్తారు. లాక్ నోటికి ఎడమ అంచున తెల్ల మరక. అంటే పిన్ను మధ్యలో దిగడం లేదు. లాక్ బోల్టులు వదులు చేసి, కొంచెం జరిపి, మళ్ళీ సుద్ద. నాలుగోసారికి మరక లేకుండా దిగింది. అప్పుడు బిగించారు. అరిగిన మూల రబ్బర్లు మార్చారు. అవి లేకపోతే బానెట్ దడదడలాడి ఎంత సర్దినా వారంలో మళ్ళీ పక్కకి పోతుందట.

చివర్లో కొక్కేనికి ఒక సన్నటి స్టీలు తీగ కట్టి, బంపరు వెనక్కి, కింద నుంచి మాత్రమే చెయ్యి అందే చోటికి దించారు. రేపు కేబుల్ మళ్ళీ తెగితే అదే దారి. చేత్తో కట్టిన బండికి ఇలాంటి రెండో దారి లేకుండా ఏ తలుపూ మూయకూడదని నాకనిపిస్తుంది. ఖర్చు ఒక టీ అంత ఉండదు. కాకపోతే, బానెట్‌కి లోపల ఉండే రెండో సేఫ్టీ కొక్కేన్ని మాత్రం ఎవరు తీసెయ్యమన్నా తియ్యకండి. హైవే మీద బానెట్ లేచి అద్దానికి కొట్టకుండా ఆపేది అదే.

మేం డబ్బులిస్తుండగా ట్రాక్టరొకటి వచ్చి ఆగింది. వెనక ట్రక్కు నిండా ధాన్యం బస్తాలు. ట్రక్కు వెనక డోరు రావట్లేదని మిల్లు దగ్గర లైన్లోంచి పక్కకి తీసేశారట. పక్కలనుంచి ఎత్తి దింపాలంటే జట్టువాళ్ళు ఒప్పుకోవట్లేదు. తూర్పున మబ్బు పట్టింది. మిషన్ కోసిన ధాన్యం, అసలే పచ్చి. తేమ 17 శాతం దాటితే కొనుగోలులో పేచీ. తడిసి ఆ రాత్రి టార్పాలిన్ కింద ఉంటే వేడెక్కి మొలకలొస్తాయి. కౌలు చేలోని పంటట. ఆ రైతు ఏం మాట్లాడకుండా డోరు వైపే చూస్తున్నాడు.

డ్రైవరు కుర్రాడు సుత్తి తీశాడు. ‘‘ఆగు తమ్ముడూ, పిన్ను వంగిపోద్ది,’’ అని మేస్త్రి గారు ఆ సుత్తి లాక్కుని కింద పెట్టారు. ఇక్కడా అదే జబ్బు. బస్తాలు వెనక్కి జారి డోరు మీద వాలాయి, పిన్ను నలిగి ఉంది. రెండు పక్కల కొక్కేలకి గొలుసు వేసి, డోరు మీదుగా తిప్పి, టర్న్‌బకిల్‌తో డోరుని లోపలికి బిగించుకుంటూ వచ్చారు. వేలెడంత కూడా కాదు, నూలు పోగంత జరిగింది. పిన్ను మీద డీజిలు కొట్టి, రెండు వేళ్ళతో తిప్పారు. వచ్చేసింది. అయినా గొలుసు విప్పనివ్వలేదు. మిల్లు దగ్గరే విప్పాలని, విప్పేటప్పుడు డోరుకి ఎదురుగా కాకుండా పక్కనే నిలబడాలని డ్రైవరుతో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ బరువు వెనక డోరు ఒక్కసారి తెరుచుకుంటే ఎదురుగా ఉన్న మనిషి మిగలడు.

రైతు జేబులో చెయ్యి పెట్టాడు. ‘‘గొలుసు తెచ్చిచ్చేటప్పుడు చూద్దాం, ముందు బయల్దేరండి,’’ అన్నారు మేస్త్రి గారు. ట్రాక్టరు మిల్లు వైపు తిరుగుతుండగా రేకుల మీద తొలి చినుకులు పడ్డాయి. రైతు ట్రక్కెక్కి టార్పాలిన్ అంచు కాళ్ళ కింద తొక్కిపట్టుకుని కూర్చున్నాడు.