పాలు పడ్డాయా?

మూడేళ్లలో నాలుగుసార్లు చేయించుకున్న థైరాయిడ్ పరీక్షల కాగితాలు ఒక ఫైల్లో దాచుకున్నాను. టి.ఎస్.హెచ్. ఒకసారి 2.1, ఒకసారి 1.8. అన్నిటి మీదా "నార్మల్" అనే ఉంది. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట: "మీకేం లేదమ్మా, ఎక్కువ ఆలోచిస్తున్నారు." ఆలోచించడమే నా ఉద్యోగం, అది వేరే సంగతి.

మే నెలలో స్వెట్టర్ వేసుకుని క్లాసుకి వెళ్లేదాన్ని. పాఠం మధ్యలో రచయిత్రి పేరు గుర్తొచ్చేది కాదు. నెలసరి రావడం లేదంటే టెన్షన్ అన్నారు డాక్టర్లు. ఇంట్లో బద్ధకం అన్నారు. స్త్రీల శరీరాల గురించి ఇన్ని వ్యాసాలు రాసినదాన్ని, నా ఒంటి మాట కాదని ఆ కాగితం మాటే నమ్మాను. ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ ఫైలు తెరవకుండానే అడిగారు. "కాన్పులో రక్తం బాగా పోయిందా? తర్వాత పాలు పడ్డాయా?"

పోయింది. నాలుగు సీసాలు ఎక్కించారు. పాలు ఒక్క చుక్క పడలేదు. దానికి అత్తగారు నా చదువునీ, అమ్మ నా తిండినీ తప్పుపట్టారు. వెల్లుల్లి కారం, మెంతులు, మొక్కులు అన్నీ అయ్యాయి. అర్ధరాత్రి డబ్బాపాలు కలుపుతూ పాప ముందు దోషిలా కూర్చునేదాన్ని. ఆ ముక్క ఏ డాక్టరుకీ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

టి.ఎస్.హెచ్. థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి, పనిచెయ్యమని థైరాయిడ్‌కి పంపే కబురు అది. థైరాయిడ్ నీరసిస్తే ఆ అంకె పెరుగుతుంది. కబురు పంపేదే దెబ్బతింటే పెరగదు, నార్మల్‌గానే కనిపించొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఆ గ్రంథి పెద్దదవుతుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే దానికి రక్తం అందక చచ్చుబడుతుంది. పాలనీ, నెలసరినీ నడిపించే హార్మోన్లూ అక్కడివే. షీహాన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1937లోనే దీన్ని వివరించాడు. ఆయన పేరే ఈ జబ్బుకి.

ఫ్రీ టి-ఫోర్ చేయిస్తే తక్కువ. కార్టిసాల్ ఇంకా తక్కువ. అందుకే ముందు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాక్సిన్ ఇచ్చారు. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి రావొచ్చట.

అత్తగారికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మా పెద్దక్కకీ పాలు పడలేదమ్మాయ్. ఆ కాన్పు తర్వాత మళ్లీ ముట్టు కాలేదు. నడివేసవిలో కూడా దుప్పటి కప్పుకునే కూర్చునేది. పనిదొంగని మా బావ పుట్టింట్లో దింపేసి పోయాడు" అంది.